పలుగుకు తగిలిన ఎముక ఎవరిది?

చెరువు పూడిక తీసేటప్పుడో, బావి దింపేటప్పుడో, కాలువ తవ్వేటప్పుడో పలుగు ఒక్కోసారి ఠంగుమంటుంది. రాయి తగిలిందనుకుంటాం. నాలుగు దెబ్బలు వేసి పగలగొట్టి, ముక్కల్ని తట్టకెత్తి గట్టు మీద పోస్తాం. సాయంత్రానికి మేస్త్రీ వచ్చి గుంత కొలుస్తాడు. కొలతను బట్టి కూలి. ఆ రాయి ఎలాంటిదో తిప్పి చూసే తీరిక ఎవరికి వుంటుంది?

1977 జూన్‌లో చైనాలోని యుంగ్‌చువాన్ ప్రాంతంలో షాంగ్‌యూ జలాశయానికి ఆనకట్ట కడుతున్నారు. ఆ పనిలో వున్న ఒక నిర్మాణ కార్మికుడి కంట పడింది ఒక ఎముక. ఎముకే, కాని రాయిగా మారిన ఎముక. శాస్త్రజ్ఞులు వచ్చి తవ్వితే సుమారు 8 మీటర్ల పొడవున్న జంతువు అస్థిపంజరం దాదాపు పూర్తిగా దొరికింది. తల ఒక్కటే రెండున్నర అడుగులు దాటి వుంది. నోటి నిండా కత్తుల్లాంటి పళ్ళు. సుమారు 16 కోట్ల ఏళ్ళ కిందట వేటాడి బతికిన రాక్షసబల్లి అది. 1978లో డాంగ్ జిమింగ్, ఆయన సహచరులు దానికి యాంగ్‌చువానోసారస్ షాంగ్‌యూయెన్సిస్ అని పేరు పెట్టారు. ఆ పేరులో వూరు వుంది. జలాశయం వుంది. కార్మికుడు లేడు.

రైతుకూలీల పేజీలో రాక్షసబల్లులకు ఏం పని అని పాఠకులు అడగవచ్చు. పని వుంది. భూమిలో ఏముందో మొదట తెలిసేది భూమి మీద చెయ్యి పెట్టేవాళ్ళకి. దొరికిన దానికి వెల కట్టేదీ, పేరు పెట్టేదీ, కొన్నిచోట్ల అమ్ముకునేదీ మరెవరో. ఆసియా ఖండంలో దొరికిన పెద్ద మాంసాహార రాక్షసబల్లుల కథ చదివితే ఈ సంగతి కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. అందుకే ఈ వారం ఆ కథను మా పాఠకుల ముందు పెడుతున్నాం.

ఎముక రాయి ఎలా అవుతుంది?

వరదలో చచ్చిన పశువు కళేబరం ఏటి వొడ్డున మేట వేసిన మట్టిలో కూరుకుపోవడం మనం చూసిందే. మామూలుగా నక్కలు, గద్దలు పీకి తింటాయి. మిగిలింది ఎండకూ వానకూ పొడి అవుతుంది. కాని వెంటనే వండ్రు కప్పేస్తే గాలి తగలదు. ఆ పొర మీద మరో పొర, దాని మీద మరో పొర పడుతుంది. నేలలోని నీరు ఎముక సందుల్లోకి దిగి తనలో కరిగివున్న ఖనిజాలను అక్కడ వదులుతుంది. లక్షల ఏళ్ళకు ఎముక ఆకారం అలాగే వుండి రాయి అవుతుంది. దీన్నే శిలాజం అంటారు. వెయ్యి కళేబరాల్లో ఒకటి కూడా ఇలా నిలవదు. నిలిచిన దానిలో మన కంటపడేది ఇంకా తక్కువ.

కాలం లెక్క కూడా చూద్దాం. తరానికి 25 ఏళ్ళు వేసుకుంటే, మనిషి జాతి పుట్టి సుమారు 12 వేల తరాలయింది. మేము చెప్పబోయే గోబీ ఎడారి రాక్షసబల్లి బతికింది 7 కోట్ల ఏళ్ళ కిందట. అంటే 28 లక్షల తరాలు. రాజులు లేరు, పట్టాలు లేవు, సరిహద్దు రాళ్ళు లేవు. మనిషే లేడు.

అది మాంసం తినేదని ఎలా చెబుతారు? పళ్ళను చూసి. ఆకు తినే జంతువు పళ్ళు నమలడానికో, ఆకు దూయడానికో అనువుగా వుంటాయి. మాంసం తినేదాని పన్ను మొనదేరి, వెనక్కి వంగి, అంచు పొడవునా కక్కు కొట్టించిన కొడవలిలా గరుకుగా వుంటుంది. కోసేది ఏదైనా కొడవలి సూత్రం ఒకటే.

గోబీ ఎడారిలో

మంగోలియా దక్షిణాన గోబీ ఎడారి. మనుషులు తక్కువ, మందలు ఎక్కువ. గొర్రెలు, మేకలు, గుర్రాలు, ఒంటెలు మేపుకుంటూ కాపరులు మకాం మార్చుకుంటూ తిరిగే నేల. 1922 నుంచి రాయ్ చాప్‌మన్ ఆండ్రూస్ అనే అమెరికన్ నాయకత్వాన న్యూయార్క్ మ్యూజియం బృందాలు అక్కడికి వచ్చాయి. 1923లో బయాన్‌జాగ్ ఎర్ర కొండల దగ్గర రాక్షసబల్లి గుడ్లు దొరికాయి. ప్రపంచమంతా అబ్బురపడింది. ఆ తర్వాత యాత్ర ఖర్చులకు చందాలు పోగుచేసే ప్రచారంలో ఒక గుడ్డును వేలం వేశారు. 5,000 డాలర్లు పలికింది. అంతవరకు శాస్త్రానికి సంబంధించిన గుడ్డు ఆ రోజుతో సరుకు అయింది. ఇలాంటి గుడ్లు డజన్లకొద్దీ పట్టుకుపోయారంటే ఎంత సొమ్ము పోయినట్టు అని మంగోలియాలో అనుమానం పుట్టింది. పుట్టక ఏమవుతుంది? 1924 నుంచి మంగోలియా చట్టాల ప్రకారం అక్కడి శిలాజాలు ప్రభుత్వ ఆస్తి. అనుమతి లేకుండా దేశం దాటించడం నేరం.

1946, 1948, 1949 సంవత్సరాల్లో సోవియట్ శాస్త్రజ్ఞుల బృందాలు లారీల్లో గోబీకి వచ్చాయి. నాయకుడు ఇవాన్ యెఫ్రేమొవ్. భూగర్భ శాస్త్రజ్ఞుడే కాక నవలలు రాసినవాడు. నెమెగ్ట్ అనే లోయలో వీరికి పెద్ద మాంసాహారి ఎముకలు దొరికాయి. 1955లో యెవ్గెనీ మలేయెవ్ వాటిని వర్ణించి, చిన్నా పెద్దా ఎముకలను వేర్వేరు జాతులనుకుని వేర్వేరు పేర్లు పెట్టాడు. అవన్నీ వేర్వేరు వయసుల్లో వున్న ఒకే జాతి అని 1965లో రోజ్‌దెస్త్‌వెన్‌స్కీ తేల్చాడు. నిలిచిన పేరు టార్బోసారస్ బటార్. టార్బోసారస్ అంటే భయపెట్టే బల్లి. బటార్ అనేది వీరుడు అనే అర్థమున్న మంగోలు మాట నుంచి వచ్చింది.

నిండుగా పెరిగితే 10 నుంచి 12 మీటర్ల పొడవు. ఎద్దులతో సహా రెండు మూడు బండ్లు వరసగా నిలిపితే అంత వుంటుంది. బరువు నాలుగైదు టన్నులు, ఒక పెద్ద మగ ఏనుగంత. తల నాలుగు అడుగుల పైన. 60కి అటూ ఇటూగా పళ్ళు. ఇంత శరీరానికి చేతులు మాత్రం పసిపిల్లల చేతుల్లా వెలితిగా, రెండేసి వేళ్ళతో వుంటాయి. అది వేటాడింది ఎడారిలో కాదు. ఆనాడు నెమెగ్ట్‌లో ఏళ్ళు పారేవి, వరద వచ్చేది, చెట్లుండేవి. ఆ ఒండ్రు పొరలే ఈ ఎముకలను దాచిపెట్టాయి. సారోలోఫస్ అనే ఆకు తినే పెద్ద జంతువు చేతి ఎముక మీద టార్బోసారస్ పంటిగాట్లు దొరికాయి. కథ చెప్పేవి ఇలాంటి గాట్లే.

1963 నుంచి 1971 వరకు పోలండ్, మంగోలియా శాస్త్రజ్ఞులు కలిసి అక్కడ తవ్వారు. నాయకురాలు జోఫియా కీలన్-యావొరొవ్‌స్కా అనే మహిళ. 1965లో ఆమెకు ఒక వింత జత దొరికింది. 2.4 మీటర్ల పొడవున్న రెండు చేతులు, వాటికి పెద్ద గోళ్ళు. శరీరం లేదు, తల లేదు. డైనోకైరస్, అంటే భయంకర హస్తం అని పేరు పెట్టారు. చేతులే ఇంతుంటే మనిషి ఎంతుంటాడు అన్నట్టు, ఇది టార్బోసారస్‌ను మించిన మాంసాహారి అయివుంటుందని చాలామంది అనుకున్నారు. సుమారు 50 ఏళ్ళు ఆ చిక్కు విడలేదు. ఆ చిక్కు విడిన తీరు తెలియాలంటే ముందు దొంగల సంగతి చెప్పాలి.

ముద్దాయి ఎముకల గూడు

మంగోలియాలో 1990 తర్వాత పాత ఏర్పాట్లు కూలిపోయాయి. గోబీలో శిలాజాల దొంగతవ్వకాలు పెరిగాయి. దొంగకు మొత్తం అస్థిపంజరంతో పని లేదు. తల, చేతులు, పాదాలు, పళ్ళు. బజారులో వీటికే గిరాకీ. మిగతాది పగిలి పాడయినా వాడికి చింత లేదు. శాస్త్రజ్ఞులు వెళ్ళేసరికి తలా కాళ్ళూ లేని మొండేలు కనిపిస్తుంటాయి.

2012 మే నెలలో న్యూయార్క్‌లో ఒక టార్బోసారస్ అస్థిపంజరం వేలానికి వచ్చింది. పొడవు 24 అడుగులు. ఆ ప్రకటన చూసి మొదట కేక వేసింది బోలోర్‌సెసెగ్ మిన్‌జిన్ అనే మంగోలియా శాస్త్రవేత్త. ఈ జంతువు ఎముకలు ఇంత నిండుగా దొరికే చోటు గోబీ ఒక్కటే, అది చట్టప్రకారం బయటకు వచ్చే వీలే లేదు అని ఆమె తన దేశ ప్రభుత్వానికి కబురు పంపింది. అప్పటి అధ్యక్షుడు ఎల్బెగ్‌దోర్జ్ వేలం ఆపాలని కోరాడు. టెక్సాస్ రాష్ట్రంలో ఒక జడ్జి ఆపమని ఉత్తర్వు కూడా ఇచ్చాడు. అయినా వేలం జరిగింది. కోర్టులో తేలేదాకా సరుకు చేతులు మారదన్న షరతు మీద 10 లక్షల 52 వేల 500 డాలర్లకు పాట ముగిసింది.

తర్వాత అమెరికా ప్రభుత్వమే దావా వేసింది. ఆ కేసులో ప్రతివాది మనిషి కాదు, అస్థిపంజరమే. కేసు పేరే "అమెరికా ప్రభుత్వం, ఒక టైరనోసారస్ బటార్ అస్థిపంజరం" అని వుంటుంది. ఏడు కోట్ల ఏళ్ళ కిందట చచ్చిన జీవిని బోనెక్కించారన్నమాట. దిగుమతి కాగితాలు తీసి చూస్తే గుట్టు బయటపడింది. వచ్చిన దేశం బ్రిటన్ అని రాశారు. విలువ 15,000 డాలర్లు అని రాశారు. సుంకం కాగితం మీద 15 వేలు, వేలం పాటలో పది లక్షలు! పత్తి అమ్మినవాళ్ళకు, మిర్చి అమ్మినవాళ్ళకు ఈ రెండు ధరల సంగతి మేము విడమరచి చెప్పనక్కరలేదు.

ఎముకలు తెప్పించిన వ్యాపారి 2012 డిసెంబరులో నేరం ఒప్పుకున్నాడు. 2014లో మూడు నెలల జైలు పడింది. అస్థిపంజరం 2013 మే నెలలో మంగోలియాకు తిరిగివచ్చింది. రాజధాని ఉలాన్‌బాతర్‌లో ఒకప్పుడు లెనిన్ మ్యూజియంగా వున్న భవనంలో రాక్షసబల్లుల మ్యూజియం ఏర్పాటయింది. ఒక హాలీవుడ్ నటుడు 2007లో 2 లక్షల 76 వేల డాలర్లకు కొన్న టార్బోసారస్ తలను కూడా 2015లో తిరిగి ఇచ్చేయవలసివచ్చింది.

బాగానే వుంది. కాని ఏం పోయింది? ఆ ఎముకలు ఏ గుట్టలో, ఏ పొరలో, ఏ పక్కకు వొరిగి వున్నాయో రాసిపెట్టిన చీటీ లేదు. పక్కన ఏ జంతువు వుందో, మీద ఎవరి పంటిగాట్లున్నాయో, కింద ఏటి ఇసుక వుందో చెరువు బంక వుందో తెలియదు. భూమి సర్వే నంబరు లేని దస్తావేజు ఎంతో, చోటు తెలియని ఎముక అంతే. చూడ్డానికి వుంటుంది. సాక్ష్యానికి పనికిరాదు.

ఇప్పుడు డైనోకైరస్ దగ్గరకు వద్దాం. 2006, 2009 సంవత్సరాల్లో గోబీలో ఆ జాతివే మరో రెండు అస్థిపంజరాలు దొరికాయి. కాని ఒకదాని తలా పాదాలూ అంతకు ముందే దొంగలు పట్టుకుపోయారు. అవి చేతులు మారి యూరప్‌లో ఒక సొంత సేకరణలో తేలాయి. అక్కడ వాటిని చూసిన శాస్త్రజ్ఞుడికి అనుమానం వచ్చింది. గోబీ గుంతలో దొంగల కన్నుగప్పి మిగిలిపోయిన కాలి ఎముక ఆ పాదానికి సరిగ్గా అతికింది! 2014లో తలా పాదాలూ మంగోలియా చేరాయి. అప్పుడు తెలిసింది నిజం. భయంకర హస్తం అని పేరుపడ్డ ఆ జీవి వేటగాడు కాదు. పళ్ళే లేని బాతుమూతితో ఆకులు, చేపలు తిని బతికింది. వీపు మీద మూపురంలాంటి ఎత్తు వుంది. 1965 నాటి గుంతను తిరిగి వెతికినప్పుడు దొరికిన అదే జీవి ఎముకల మీద టార్బోసారస్ పంటిగాట్లు కనిపించాయి. అంటే యాభై ఏళ్ళు హంతకుడనుకున్న జీవిని తిన్నదే మరొకటి. దొంగిలించిన తల తిరిగి వస్తే తప్ప ఆ నింద పోలేదు.

బోలోర్‌సెసెగ్ అంతటితో ఆగలేదు. అమెరికా మ్యూజియం వాడి పక్కన పెట్టిన ఒక బస్సును తెప్పించి, సంచార మ్యూజియంగా గోబీ పల్లెలకు నడిపింది. కాపరుల పిల్లలకు తమ కాళ్ళ కింద ఏముందో తెలిస్తే, దొంగ జీపు వచ్చినప్పుడు మొదట అడ్డుకునేది వాళ్ళేనని ఆమె లెక్క. ఆ లెక్క మాకు నచ్చింది. కాపలా అంటే తుపాకీ ఒక్కటే కాదు.

మన నర్మదా తీరాన

గోబీ మనకు దూరం. కాని మన దేశంలోనూ పెద్ద మాంసాహారులున్నాయి. జబల్పూరు దగ్గర బడా సిమ్లా గుట్టలో 1828లోనే కంపెనీ సైన్యాధికారి స్లీమన్‌కు రాక్షసబల్లి ఎముకలు దొరికాయి. అవి ఆకు తినేదానివి. 1917 తర్వాత అక్కడే మాట్లీ తవ్వించిన వాటిలో మాంసాహారులు కనిపించాయి. 1933లో ఇండోసూకస్, ఇండోసారస్ అని పేర్లు పెట్టారు. తెల్లవాళ్ళ పాలనలో కొన్ని ఎముకలు కలకత్తాకు, కొన్ని లండనుకు చేరాయి.

1980ల ఆరంభంలో గుజరాత్‌లో బాలసినోర్ దగ్గర సిమెంటు కోసం సున్నపురాయి తవ్వే క్వారీలో రాక్షసబల్లి గుడ్లు బయటపడ్డాయి. పక్కనే రహియోలి గ్రామం. అక్కడ 1982 నుంచి 1984 వరకు భారత భూగర్భ సర్వే సంస్థ తవ్వకాల్లో ఒక మాంసాహారి తుంటి, వెన్ను, కాళ్ళు, తోక, తల ఎముకలు దొరికాయి. సర్వే సంస్థ శాస్త్రజ్ఞుడు సురేష్ శ్రీవాస్తవ ఒక మంచి పని చేశాడు. ఏ ఎముక ఎక్కడ పడివుందో పటం గీసి పెట్టాడు. ఇరవై ఏళ్ళ తర్వాత మన శాస్త్రజ్ఞులు, అమెరికా శాస్త్రజ్ఞులు ఆ పటం దగ్గర పెట్టుకుని, ఏ ఎముక ఏ జంతువుదో విడదీయగలిగారు. 2003 ఆగస్టులో లోకానికి ప్రకటించారు. పేరు రాజాసారస్ నర్మదెన్సిస్. నెత్తి మీద చిన్న కొమ్ము. పొడవు 7 నుంచి 9 మీటర్ల దాకా అంచనా వేశారు. గోబీలో దోచిన ఎముకకు చీటీ లేదు. రహియోలి ఎముకకు పటం వుంది. తేడా అంతా అక్కడే.

ఇంకో విచిత్రం. రాజాసారస్ బతికిన నాటికి మన దేశం ఆసియాలో లేదు. సముద్రం మధ్య పెద్ద దీవిలా ఉత్తరానికి కదులుతోంది. అందుకే దాని దగ్గరి చుట్టం గోబీలో కాదు, మడగాస్కర్‌లో దొరికింది. ఆ రోజుల్లోనే దక్కనులో నేల బద్దలై లావా పొంగింది. ఆ లావా గట్టిపడ్డ నల్లరాయి చివికి చివికి మన నల్లరేగడి అయింది. పత్తి వేసే రేగడి చేను కన్నతల్లి ఆ నిప్పే.

ఆ ఎముకలతో, గుడ్లతో పల్లె జనానికి ముందునుంచీ పరిచయం వుంది. రహియోలిలో ఒక ముసలమ్మ గుండ్రటి రాయితో మసాలా నూరుతుంటే చూసినవాళ్ళు అది రాక్షసబల్లి గుడ్డని గుర్తుపట్టిన వైనం ఇప్పటికీ చెప్పుకుంటారు. మధ్యప్రదేశ్ ధార్ జిల్లా పాడ్ల్యా గ్రామంలో రైతులు గుండ్రాళ్ళను కాకడ్ భైరవ్ పేరిట కొలిచారు. కాకడ్ అంటే పొలం. పొలాన్నీ పశువులనూ కాపాడే దేవుడని తరతరాల నమ్మకం. అవి ఆకు తినే రాక్షసబల్లుల గుడ్లని 2023లో లక్నో శాస్త్రజ్ఞులు గుర్తించారు. దీన్ని విని నవ్వేవాళ్ళున్నారు. మేము నవ్వం. ఆ రాళ్ళు మామూలు రాళ్ళు కావని ఆ రైతుల కన్ను పట్టింది. పగలగొట్టి రోడ్డుకు వేయకుండా అన్ని తరాలు కాపాడింది ఆ కన్నే. దానికి కావలసింది ఎగతాళి కాదు, చదువు.

మన చేతిలో పని

మన గోదావరి లోయ కూడా ఖాళీ కాదు. ప్రాణహిత గోదావరిలో కలిసే ప్రాంతంలో సిరోంచ వైపు 1960-61లో ఆకు తినే బరపాసారస్ దొరికింది. అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర దొరికిన కోటసారస్‌కు 1988లో పి. యాదగిరి పేరు పెట్టాడు. దాని 9 మీటర్ల అస్థిపంజరాన్ని హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో చూడవచ్చు. వేసవి సెలవుల్లో పిల్లలను తీసుకువెళ్ళండి.

శిలాజాల రక్షణకు 2022 డిసెంబరులో కేంద్ర గనుల శాఖ ఒక ముసాయిదా బిల్లు ప్రకటించింది. రక్షణ కావలసిందే. కాని అధికారమంతా ఒకే సంస్థ చేతిలో పెడుతోందని శాస్త్రజ్ఞులే అభ్యంతరం చెప్పారు. అందులో భూసేకరణ మాట కూడా వుంది. ఎముక దొరికితే చేను పోతుందన్న భయం పుడితే ఏమవుతుంది? రైతు రాత్రికి రాత్రి గుంత పూడ్చేస్తాడు. ఎముక దొరికితే పని ఆగి కూలి పోతుందన్న భయం వుంటే కూలీ పలుగు దెబ్బ ఆపడు. అన్నం పోయే చోట శాస్త్రం నిలవదు. కాబట్టి అడగవలసింది సూటిగా అడుగుదాం. పని ఆగిన రోజుకు కూలి ఇవ్వాలి. నేల దెబ్బతింటే పరిహారం ఇవ్వాలి. మొదట చూసిన మనిషి పేరు రికార్డులో రాయాలి.

మన వంతు కూడా వుంది. రాయి వింతగా కనిపిస్తే పగలగొట్టవద్దు. ఇంతకుముందే విరిగిన అంచు వుంటే చూడండి. ఎముక అయితే లోపల తేనెపట్టులా సన్నని గదులు కనిపిస్తాయి. తడి నాలుక తగిలిస్తే చాలాసార్లు అంటుకుంటుంది, మామూలు రాయి అంటుకోదు. పెకలించి ఇంటికి తేవద్దు. ఎంత లోతులో, ఏ పక్కన వుందో గుర్తుపెట్టి, ఫోటో తీసి, మీద మెత్తటి మట్టి కప్పండి. బడిలో సైన్సు మేష్టారికి, పంచాయతీకి చెప్పండి. హైదరాబాదులోని భూగర్భ సర్వే సంస్థ దక్షిణ ప్రాంత కార్యాలయానికి కబురు పంపండి. కారులో వచ్చి అయిదు వందలిస్తానన్నవాడికి మాత్రం ఇవ్వకండి. మీకు ఇచ్చే అయిదు వందలకు పైన ఎన్ని సున్నాలు చేరతాయో న్యూయార్క్ వేలం చెప్పింది.

షాంగ్‌యూ ఆనకట్ట దగ్గర ఆ కార్మికుడు చేసింది పెద్ద పనేమీ కాదు. పలుగు ఎత్తినవాడు ఒక్క క్షణం ఆగి చూశాడు, నలుగురికీ చెప్పాడు. 16 కోట్ల ఏళ్ళ జీవి ఆ ఒక్క క్షణం వల్ల లోకానికి దక్కింది. అలా ఆగి చూసినందుకు ఆ పూట కూలి కోత పడకుండా చూసుకోవడం సంఘం పని. ఆ పేరు రాయించడం కూడా సంఘం పనే.